‘సీట్లు పరిమితం’ – సటీక, సతాత్పర్యం

మూలం: “నిర్మల్ చిత్రకళ ఇంటి నుంచే నేర్చుకోండి! శని, ఆదివారాలు రాత్రి 7కు లైవ్. రికార్డింగ్ జీవితాంతం. సీట్లు పరిమితం. ఫోన్‌పే కొట్టి స్క్రీన్‌షాట్ పెట్టగలరు. కిట్ కొరియర్‌లో.”

అవతారిక: కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతంలో చెక్కించిన కందపద్యాలను ఇప్పటికీ చదువుకోవచ్చు. పై మూలం చిన్న చిత్రకళా స్టూడియోల వాట్సాప్ స్టేటస్‌లో కనిపించే రకం. దాని ఆయుష్షు మాత్రం 24 గంటలే. మాయమయ్యేలోపే వ్యాఖ్యానం ముగించాలి. కాళిదాసును విప్పి చెప్పిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొలిచారం అంటారు. ఇలాంటి గద్యం ఆయన కంటపడలేదు గనుక ఆ బరువు పత్రికల మీద పడింది.

ఇక ప్రతిపదార్థం.

నిర్మల్ చిత్రకళ = నల్లటి పలక మీద బంగారు ఛాయలో తేలే బొమ్మ; పొనికి కర్ర బొమ్మలు చేసే నకాషీల ఊరి విద్య. అక్కడ కళాకారుల సహకార సంఘం 1955లో ఏర్పడింది. ఊరు 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, ఆపైన తానే జిల్లా అయింది.

ఇంటి నుంచే = ఎవరి ఇంటి నుంచి? మూలకారుడు చెప్పలేదు. శిష్యుడి ఇల్లని పైకి తోస్తుంది. గురువు ఇల్లు కూడా అని అధ్యాహారం చేసుకోవాలి, అవస్థంతా అక్కడే. ఫోన్‌ను స్టాండుకు బిగించి పలక మీదికి వంచుతారు. నిర్మల్ పలక నున్నగా మెరుస్తుంది కాబట్టి శిష్యులకు మొదట దర్శనమిచ్చేది గీస్తున్న హంస కాదు, గురువుగారి ట్యూబ్‌లైటు. దీపాన్ని ఎడమ పక్కకు జరిపి, కిందికి దించి, తెల్లబట్ట అడ్డం కడితే ఆ మెరుపు తప్పుకుంటుంది. కుడిచేతి నీడ కూడా గీత మీద పడదు. అంతలో ఫోను ఇంకో పేచీ పెడుతుంది. నల్ల పలకను చూసి చీకటి పడిందనుకుని వెలుతురు పెంచేస్తుంది. నలుపు బూడిదవుతుంది, బంగారం ఉత్త పసుపవుతుంది. చాలా ఫోన్లలో తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ అక్కడే ఆగుతుంది. ఈ రహస్యం తెలియని గురువు తన బంగారం అది కాదని క్లాసంతా ప్రమాణాలు చేస్తూ గడుపుతాడు.

లైవ్ = జూమ్ ఉచిత ఖాతాలో 40వ నిమిషానికి యతి. అది సరిగ్గా కన్ను దిద్దే వేళ పడితే యతిభంగం కాదు, రసభంగం. “సార్, మీ ఆవాజ్ వస్తలేదు” అనేది ప్రతి క్లాసుకూ నాందీశ్లోకం.

జీవితాంతం = ఎవరి జీవితం? ఇక్కడ మూడు మతాలు. శిష్యుడిదని కొందరు, స్టూడియోదని కొందరు, గూగుల్ డ్రైవ్‌దని మిగిలినవారు. డ్రైవ్ ఊరికే ఇచ్చేది 15 జీబీ. మెయిళ్లూ ఫొటోలూ ఆ చోట్లోనే సర్దుకోవాలి. మూడో మతమే అనుభవానికి దగ్గర. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెడితే చోటుకు కరువు లేదు గానీ, లింకు ఎవరికి చేరితే వారు చూడొచ్చు. ఒక్క ఫీజుతో జగిత్యాల వదినె, మంచిర్యాల మరదలు కూడా చిత్రకారిణులవుతారు.

సీట్లు పరిమితం = ఇది అతిశయోక్తి అని పూర్వపక్షం. జూమ్ ఉచిత ఖాతాలోనే వందమంది పడతారు, రికార్డింగుకు లెక్కే లేదు, పరిమితి ఎక్కడిది?

సిద్ధాంతం: ఇది స్వభావోక్తి. మూలం మొత్తంలో తిరుగులేని మాట ఇదే. క్లాసు ముగిశాక గ్రూపులో ఫొటోలు పడతాయి. ఒక్కోదాన్ని పెద్దది చేసి చూసి, దాని మీద ఎర్ర గీత గీసి, “మెడ అక్కడ కాదమ్మా, రెక్క మొదట్లకెళ్లి లేవాలె” అని వాయిస్ పెట్టాలి. వీడియో ఒకసారి తీస్తే వెయ్యిమంది చూస్తారు. దిద్దుబాటు మాత్రం మనిషి మనిషికీ మళ్లీ మొదటి నుంచే. అయినా తరచు ఫీజంతా వీడియో పేరున రాసి, దిద్దుబాటును కొసరుగా వేస్తారు. బేరం తిరగబడాలి.

దీనికి పూర్వోదాహరణ తపాలా కాలంలోనే ఉంది. ‘పీనట్స్’ బొమ్మలకథ గీసిన చార్లెస్ షుల్జ్ మినియాపొలిస్ బడిలో పోస్టు ద్వారా బొమ్మలు నేర్చాడు. పిల్లల బొమ్మలు గీసే పాఠంలో ఆయనకు వచ్చింది సీ ప్లస్. తర్వాత అదే బడిలో పోస్టులో వచ్చిన బొమ్మలు దిద్దే ఉద్యోగం చేశాడు. జీతం దిద్దినందుకే. చిత్రకారుడు బాబ్ రాస్ 1983 నుంచి 1994 దాకా అమెరికా టీవీలో పాఠాన్ని ఉచితంగా చూపి, రంగులూ కుంచెలూ అమ్ముకున్నాడు; అదీ ఒక మార్గం.

స్క్రీన్‌షాట్ = ప్రమాణం కాదు. బొమ్మలు దిద్దడం నేర్పే చోట అసలే కాదు. ఖాతాలో పైసలు పడ్డాయో లేదో చూసుకోవాలి. దుబాయ్‌లో ఉన్న తండ్రి జగిత్యాల బిడ్డ ఫీజును ఎన్ఆర్ఈ ఖాతా నుంచి యూపీఐలో కొట్టొచ్చు. ఆ వెసులుబాటు 2023లో వచ్చింది. ఏడాదికి రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్. చిన్న స్టూడియో ఆ శ్లోకం దాకా రాదు.

కిట్ = ఇక్కడ మూలకారుడు మౌనం వహించాడు. నిర్మల్‌లో ఇప్పుడు వాడే డ్యూకో రంగులు కార్లకు కొట్టే జాతివి. మండే సరుకు కాబట్టి తపాలా శాఖ ముట్టదు. అందుకే పెట్టెలో వెళ్లేవి నీళ్లతో కలిసే అక్రిలిక్ రంగులు. అంటే శిష్యురాలికి అందేది నిర్మల్ గీత. నిర్మల్ మెరుపు కాదు. ఈ ముక్క స్టేటస్‌లోనే రాసి ఉంటే బాగుండేది. పైగా నిర్మల్ చిత్రాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. న్యూజెర్సీలో నేర్చిన అమ్మాయి తన హంసను హాల్లో తగిలించుకోవచ్చు, అత్తగారికి కానుకివ్వొచ్చు. ‘నిర్మల్ పెయింటింగ్’ అని చీటీ అంటించి అమ్మకానికి పెట్టే ముందు మాత్రం గురువుగారికి ఇంకో వాయిస్ మెసేజ్ పెట్టి అడగడం మంచిది.