పాత ఫోటో ఫైళ్లను నిదానంగా మార్చండి, చోటు దండిగా తిననివ్వండి

హైదరాబాద్ శివారు బడంగ్‌పేట్, బాలాపూర్, మీర్‌పేట వైపు నెట్ సెంటర్లలో అడిగితే సాధారణంగా వచ్చే సలహా ఇది: ఫోల్డర్ మొత్తం సెలెక్ట్ చేసి జేపీజీలోకి మార్చేయండి, సైజు తగ్గించండి, పాతవి డిలీట్ చేయండి. మూడూ చేయొద్దు. నేను చెప్పే పద్ధతిలో పని ఆలస్యమవుతుంది, హార్డ్ డిస్కు నిండుతుంది. అయినా ఇలాగే చేయండి.

సైజు పెద్దగా ఉంటే ఉండనివ్వండి. 1600 బై 1200 చుక్కల బొమ్మ బీఎంపీలో 57 లక్షల బైట్లకు పైనే ఉంటుంది. జేపీజీ దాన్ని పదో వంతుకు దించగలదు, కానీ కంటికి అంతగా ఆనదనుకున్న వివరాన్ని పారేసి దించుతుంది. పారేసింది తిరిగి రాదు. దిద్ది మళ్లీ సేవ్ చేసినప్పుడల్లా ఇంకొంత పోతుంది. పట్టుచీర అంచూ, శుభలేఖ మీది అక్షరాలూ ముందుగా మసకబారతాయి. అందుకే బీఎంపీ, పీసీఎక్స్ ఫైళ్లను వివరం పారేయని పీఎన్‌జీలోకో టిఫ్‌లోకో మార్చండి. ఇప్పటికే జేపీజీగా ఉన్నవాటిని ముట్టుకోకండి. ఇక ఫైలు పేరు చివర అక్షరాలు మార్చి ఫార్మాట్ మారిందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మారేది పేరే, లోపలి సరుకు కాదు.

బ్యాచ్ కన్వర్టర్ జోలికి వెళ్లకండి. ఒక్కొక్క ఫోటో తెరిచి, చూసి, మార్చండి. ఇది చాదస్తంలా అనిపిస్తే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి చూడండి. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా 2000ల్లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాలు తెలుగు పుస్తకాలను పేజీకో టిఫ్ బొమ్మగా స్కాన్ చేయించాయి. పాఠకులు ఆ బొమ్మలను దించుకుని పీడీఎఫ్‌లుగా కూర్చుకున్నారు. చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. ఎంత గొప్ప సేవ! కానీ పేజీలు లేని పుస్తకాలు, తప్పు పేరుతో నమోదైన పుస్తకాలు కొత్త ఫార్మాట్‌లోకీ అలాగే వచ్చాయి. అలాంటి లోపాన్ని కన్వర్టర్ పట్టుకోదు. పేజీ తర్వాత పేజీ తిరగేసే మనిషే పట్టుకోవాలి, తెలుగు వికీసోర్స్‌లో పనిచేసేవాళ్లలాగా.

మన ఇంటి ఫోటోలకూ అంతే. పక్కన పెద్దమ్మనో మామయ్యనో కూర్చోబెట్టుకోండి. పెళ్లి పందిట్లో మూలన నిలబడ్డాయన ఎవరో వాళ్లకే తెలుసు. ఆ పేరూ, ఊరూ, ఏడాదీ ఫైలు పేరులోనే తెలుగులో రాయండి. గంటకు పది ఫోటోలే అయినా పరవాలేదు.

మార్చాక పాతవి తీసేయకండి. కొన్ని కన్వర్టర్లు ఫైలు పాత తేదీని వదిలేస్తాయి. ఆ తేదీ మళ్లీ కావాలంటే అసలు ఫైలు ఉండాల్సిందే. ఫోటోలను షీట్లుగా కూర్చి డిజైన్ చేసే కరిజ్మా ఆల్బమ్ చేయించినవాళ్లు స్టూడియోను విడి ఫోటోలు కూడా అడిగి తెచ్చుకోండి, డిజైన్ చేసిన షీట్లతో సరిపెట్టుకోకండి. అన్నిటికీ రెండో కాపీ వేరే ఇంట్లో ఉంచండి.

ఫోటోలున్న పాత సీడీలు పనిచేయడం మానేయకముందే, పేర్లు చెప్పగల పెద్దలు ఉండగానే మొదలుపెట్టండి. ఈ ఆదివారమే ఒక సీడీ తీయండి.