ఎవనికన్న ఇయ్యి: ఒక కోర్టు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "ఏం జూస్తున్నవ్ రా! ఇయ్యి... ఎవనికన్న ఇయ్యి!"

అవతారిక. అమీర్‌పేటలో బయలుదేరి పంజగుట్ట మీదుగా సోమాజిగూడ, బేగంపేట చుట్టి వస్తే కాలేజీలకు కొదవలేదు. 1959లో మొదలైన సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల ఈ చుట్టులోనే ఉంది, విల్లా మేరీ ఉంది, పక్కనే యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియమూ ఉంది. ఇటువైపనే కాదు, నగరంలో ఎక్కడైనా కాలేజీ జట్లు బాస్కెట్‌బాల్ ఆడుతున్నప్పుడు, అవతలి జట్టు కాస్త దూకుడుగా కాపు కాసిందంటే గీత అవతల నుంచి పై సూత్రం వినిపిస్తుంది. కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయం అని సరిపెట్టుకుందామంటే ప్రతి కోచ్ గొంతులోనూ అదే బొంగురు. పాఠాంతరాలు కద్దు: దక్కనీ ప్రతుల్లో "అరే, దే దే!" అని, ఇంగ్లీషు మీడియం ప్రతుల్లో "పాస్ యార్!" అని. అర్థభేదం లేదు. మన మెదక్ వైపు కొల్చారం వాడని చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ప్రస్తుత టీకాకారుడు ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికి మాత్రమే పూచీ పడుతున్నాడు.

సందర్భం తెలియనిదే పదాలకు అర్థం తెగదు కాబట్టి ముందు అది. బంతి ఉన్నవాడు పైన, సెంటర్ లైన్ దగ్గర డ్రిబుల్ చేస్తుంటాడు. వాణ్ని ఒకడు కాపు కాస్తుంటాడు. ఇంతలో బంతి జట్టులోని పొడగరి పైకి వచ్చి, ఆ కాపలావాడి భుజానికి ఆనుకున్నట్టు గోడలా నిలబడతాడు. దీన్నే బాల్ స్క్రీన్ అంటారు. కాపలావాడు గోడకు తగులుకుంటాడు, బంతి ఉన్నవాడు గోడ పక్కనుంచి దూసుకుపోతాడు. శాంతస్వభావులైన జట్లు ఇక్కడ వెనక్కి తగ్గి బుట్ట దగ్గర కాచుకుంటాయి. దూకుడు జట్లు అలా కాదు. పొడగరిని కాపు కాస్తున్న రెండోవాడు అప్పటికే గోడ దాటి, బయటి కాలు ముందుకు వేసి, చేతులు రెండూ పైకెత్తి దారికి అడ్డంగా నిలుచుంటాడు. మొదటివాడు వెనకనుంచి వచ్చి కలుస్తాడు. దీని పేరు ట్రాప్. పక్కనున్న సైడ్‌లైన్ మూడో కాపలావాడు, వెనక్కి పోతే వయొలేషనయ్యే సెంటర్ లైన్ నాలుగోవాడు. మనవాడు కంగారులో బంతిని రెండు చేతులా పట్టేస్తాడు. డ్రిబుల్ అక్కడితో చచ్చింది. ఒక కాలు నేలకు మేకు కొట్టినట్టు ఉండాలి, రెండో కాలి మీద అటూ ఇటూ తిరగాలి. వీపు బుట్టవైపు తిరుగుతుంది. ఎట్టకేలకు తలల మీదుగా ఒక పాస్ గాలిలోకి లేస్తుంది. అది నెమ్మదిగా, పావురంలా, ఎవరికి కావాలంటే వాళ్లకు అందేటట్టు పోతుంది. అందుకునేది అవతలివాడే. ఆ వెంటనే ఈ చివర్న ఒంటరి లేఅప్, రెండు పాయింట్లు, గీత అవతల సూత్రపఠనం.

ఇక ప్రతిపదార్థం. "ఏం జూస్తున్నవ్ రా" అన్నది సంబోధన. బంతి పట్టుకున్నవాడికి అని సామాన్యుల వ్యాఖ్య. "ఇయ్యి" అన్నది విధి. రెండుసార్లు రావడం ఆత్రానికి. రెండోది పూర్తయ్యేలోపు బంతి చేయి మారి ఉంటుంది గనుక అది నిరర్థకమని కొందరు. "ఎవనికన్న" అన్న చోటే ముడి ఉంది. ఇవ్వడమనే క్రియకు ఇచ్చేవాడు, ఇచ్చే వస్తువు, పుచ్చుకునేవాడు ముగ్గురూ కావాలి. సూత్రంలో మొదటి రెండూ ఉన్నాయి. మూడోవాడు ఎవడో సూత్రకారుడికీ తెలియదు. ఆ చోటును "ఖాళీగా ఉన్నోనికి" అని అధ్యాహారం చేసుకుంటే వాక్యం నిలుస్తుంది, కానీ కోర్టులో ఖాళీగా ఉన్నవాడు కనబడడు. కనబడకపోవడం బంతి ఉన్నవాడి కళ్ల లోపం కాదనీ, కనబడేచోటికి రాని తక్కిన నలుగురి లోపమనీ ఈ టీకా సిద్ధాంతం. అంటే వాచ్యార్థంలో ఒకణ్ని తిట్టిన సూత్రం, లక్ష్యార్థంలో మిగతా అందరినీ తిట్టింది. గంగలో పల్లె ఉందంటే ఒడ్డున ఉందని ఆలంకారికులు చెప్పుకున్నట్టే, ఇక్కడ కూడా తిట్టు పడవలసిన చోటు కొంచెం పక్కన ఉంది.

దీనికి మొదటి ప్రమాణం లెక్క. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. బంతి ఉన్నవాడి మీద ఇద్దరు పడ్డారంటే మిగిలింది నలుగురికి ముగ్గురు. మన కాలేజీలు ఆడే అంతర్జాతీయ కొలతల్లో కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. సగం కోర్టు 210 చదరపు మీటర్లు, మన భాషలో 250 గజాల ప్లాటు. ఆ ప్లాటును ముగ్గురు కాయాలి, తలా 83 గజాల పైచిలుకు. ఒక్క మంచి పాస్ బయటపడితే ఆ ముగ్గురిలో ఎవరో ఒకరు ఇద్దరు మనుషుల మధ్య ఎటు పోవాలో తేల్చుకోలేక నిలబడాల్సిందే. కాబట్టి ట్రాప్ అన్నది కాపు కాసే జట్టు తెలిసి చేసే అప్పు. తీర్చమని అడిగేవాడు లేకపోతే అది లాభం కింద జమ అవుతుంది, అంతే. ఆ అప్పు వసూలుకు బయల్దేరవలసినవాళ్లు మాత్రం మూలల్లో నడుముల మీద చేతులు పెట్టుకుని ట్రాప్‌లో చిక్కినవాణ్ని చూస్తుంటారు. శాస్త్రంలో దీన్ని గజనిమీలనం అంటారు.

రెండో ప్రమాణం చరిత్ర. 2008 నవంబర్ 25న అమెరికాలో డేవిడ్‌సన్ కాలేజీ మీద మేరీలాండ్‌కు చెందిన లయోలా జట్టు ఆడింది. డేవిడ్‌సన్ తరఫున స్టెఫెన్ కరీ ఉన్నాడు, ఆ సీజన్‌లో ఆ దేశపు కాలేజీ ఆటలో అందరికన్నా ఎక్కువ సగటు పాయింట్లు వాడివే. లయోలా కోచ్ జిమ్మీ ప్యాట్సోస్ ఆట పొడవునా అతని వెంట ఇద్దర్ని పెట్టాడు, బంతి ఉన్నా లేకున్నా. కరీ మెల్లగా ఒక మూలకు పోయి నిలబడ్డాడు. ఇద్దరూ వెళ్లి అతని పక్కన నిలబడ్డారు. మిగిలిన చోట నలుగురు ముగ్గురి మీద ఆడుకున్నారు. కరీకి సున్నా పాయింట్లు. డేవిడ్‌సన్ 78, లయోలా 48. బంతివాడి ప్రజ్ఞను ఆట నుంచి పూర్తిగా తీసేసినా జట్టు 30 పాయింట్ల తేడాతో గెలవగలదని ఇంత శుద్ధంగా నిరూపించిన ఆట మరొకటి లేదు. నిరూపించే ఉద్దేశం ప్యాట్సోస్‌కు లేకపోవడం వేరే సంగతి.

ఇక్కడ ఒక పూర్వపక్షి లేస్తాడు: అది స్క్రీన్ మీది ట్రాప్ కాదు, లయోలా పెద్ద జట్టూ కాదు, వింత ఉదాహరణతో సిద్ధాంతం కడతారా అని. న్యాయమైన ఆక్షేపణే. అందుకని స్క్రీన్ మీద దూకడమే ఇంటిపేరుగా మార్చుకున్న జట్టు దగ్గరికి పోదాం. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం, కోచ్ కెల్విన్ శాంప్సన్. అమీర్‌పేటలో జావా నేర్చి టెక్సాస్ చేరిన మన పిల్లలకు కొత్త ఊరేం కాదు. 2024-25లో 40 ఆటలాడి 35 గెలిచింది. 2025 ఏప్రిల్ 5న అమెరికా కాలేజీల జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్‌లో డ్యూక్ జట్టు హ్యూస్టన్ మీద 14 పాయింట్ల ఆధిక్యంలో ఉండి, చివరి పది నిమిషాల్లో ఫ్రీ త్రోలు కాక ఒకే ఒక్క బుట్ట వేసి 67-70తో ఓడింది. దాన్నంతా ట్రాప్ ఖాతాలో వేస్తే అబద్ధమవుతుంది. బయటి నుంచి బంతి లోపలికి ఇవ్వడంలో ఒక తప్పు, ఫ్రీ త్రోల దగ్గర తడబాటు, ఇవన్నీ ఉన్నాయి. కానీ కూపర్ ఫ్లాగ్ ఒక్కడే 27 వేసిన ఆ జట్టు ఒత్తిడి పెరిగేకొద్దీ ఒక్కరి వైపే చూసిందన్నది మాత్రం కాదనలేం.

రెండు రోజుల తర్వాత అదే హ్యూస్టన్ మీదికి ఫైనల్‌లో ఫ్లోరిడా వచ్చింది. ఫ్లోరిడాకు బంతి నడిపేవాడు వాల్టర్ క్లేటన్. సెమీస్‌లో ఆబర్న్ మీద 34 పాయింట్లు కొట్టి వచ్చాడు. హ్యూస్టన్ అతన్ని మొదటి సగమంతా సున్నా దగ్గర కట్టేసింది. మన కోర్టుల దగ్గరైతే సూత్రం శతపారాయణం జరిగి ఉండేది. ఫ్లోరిడా మాత్రం విల్ రిచర్డ్ వేసిన బుట్టలతో నిలబడింది. ఆట ముగిసేసరికి రిచర్డ్‌వి 18, క్లేటన్‌వి 11. రెండో సగంలో హ్యూస్టన్ 12 పాయింట్ల ముందుకు పోయినా కంగారు పడలేదు. చివరికి 65-63తో ఫ్లోరిడాదే గెలుపు. ముగింపు ఇంకా విచిత్రం: ఆఖరి సెకన్లలో బంతి హ్యూస్టన్ చేతిలో ఉంది, ఇమాన్యుయెల్ షార్ప్ మూడు పాయింట్ల షాట్‌కు ఎగిరాడు, క్లేటన్ పరుగున మీదికొచ్చాడు. గాలిలో ఉన్నవాడికి షాట్ లేదు, పాస్ చేయడానికి మనిషి లేడు. బంతిని కింద వదిలాడు, తానే ముట్టుకుంటే ట్రావెలింగ్. ఫ్లోరిడా పొడగరి అలెక్స్ కాండన్ దాని మీద పడిపోయాడు. సీజనంతా ఎదుటివాళ్లను ఏ స్థితికి తెచ్చిందో, ఆ జట్టు ఆఖరి బంతికి అదే స్థితిలో ఉంది.

మరో పూర్వపక్షం మన నేలది: మన కాలేజీ గార్డులు పొట్టివాళ్లు, ఇద్దరు చేతులెత్తి నిలబడితే అవతల ఏముందో కనబడదు, కాబట్టి దోషం ఎత్తుది అని. ఇందులో సగం నిజం ఉంది. ట్రాప్ పూర్తిగా బిగిశాక పొట్టివాడికి చూపు ఉండదు. అయితే బిగిసేదాకా ఆగమన్నదెవరు? రెండోవాడు బయటికి అడుగు వేస్తున్నాడని తెలియగానే రెండు డ్రిబుళ్లు వెనక్కి లాగితే ఆ ఇద్దరూ బుట్టకు ఇంకా దూరం వస్తారు. స్క్రీన్ పెట్టిన పొడగరి గోడలా నిలబడిపోకుండా ఫ్రీ త్రో లైన్ దగ్గరికి జారితే, చంకల కింది నుంచి నేలకు కొట్టిన ఒక బౌన్స్ పాస్ చాలు. దానికి ఎత్తు అక్కర్లేదు. కరీ ప్రొఫెషనల్ ఆటలోకి వెళ్లాక గోల్డెన్ స్టేట్ జట్టు ఈ జారుడునే ఆయుధంగా చేసుకుంది. కరీ మీద ఇద్దరు పడగానే డ్రేమండ్ గ్రీన్ ఆ చోట బంతి అందుకుని, ఇటు తిరిగి, నలుగురికి ముగ్గురుగా ఆట మొదలుపెట్టేవాడు. గ్రీన్ గొప్ప షూటరేం కాదు. అక్కడికి రావలసిన క్షణంలో వచ్చేవాడు. ఎత్తు వాదనలో ఇంకో చిక్కు, ఆరున్నర అడుగుల గార్డును తెచ్చి పెట్టినా మిగతావాళ్లు మూలల్లోనే ఉంటే అతనికి కనబడేది ఆ మూలలే.

స్క్రీనే పెట్టకపోతే పోయె, ట్రాప్ ఎక్కడిది అనేవాళ్లూ ఉన్నారు. షాట్ క్లాక్ 24 సెకన్లలో చివరి నాలుగైదు మిగిలినప్పుడు ఈ మాట పనికొస్తుంది. ఆట మొత్తానికి పాటిస్తే, అవతలివాళ్లు భయపెట్టి ఏది మానిపించాలనుకున్నారో దాన్ని మనమే మానేసినట్టు.

మిగిలింది అన్నింటికన్నా బలమైన ఆక్షేపణ: ఇదంతా వినడానికి బాగుంది గానీ కాలేజీ జట్లకు సాధన చేసే తీరిక ఎక్కడిది? టోర్నమెంటు ముందు నాలుగు రోజులు, సిమెంటు కోర్టు, పరీక్షలు, సగం మంది రారు. నిజమే, కానీ ఉన్న నాలుగు రోజుల్లో ఏం చేస్తున్నామన్నది చూడాలి. చాలాసార్లు ఎదుట ఎవరూ లేకుండా ఐదుగురు తమ చోట్లలో పరుగెత్తి పాసులు వేసుకుంటారు. కాపు కాసేవాళ్లను పెట్టినా వాళ్లు మర్యాదగా వెనక్కి తగ్గుతారు. మైత్రీవనం దగ్గర, ఆదిత్య ట్రేడ్ సెంటర్ మెట్ల మీద కరపత్రాలు పంచే ఇన్‌స్టిట్యూట్‌లు ఈ విషయంలో ఎక్కువ తెలివైనవి. ఇంటర్వ్యూ ప్రశ్నల జిరాక్స్ కట్ట ఇచ్చి బట్టీ పట్టమంటాయి, అది నిజమే. తర్వాత మాక్ ఇంటర్వ్యూ అని కూర్చోబెట్టి, మొదటి జవాబు సగంలో ఉండగానే అడ్డు తగిలి రెండో ప్రశ్న వేయిస్తాయి. బట్టీ పట్టినవాడు మొదటిసారి నోరు పడిపోయేది అసలు కంపెనీలో కాకుండా అమీర్‌పేటలోనే కావాలని వాళ్ల లెక్క. కోర్టులో దాని సమానార్థకం చాలా చవక. పదిమంది అక్కర్లేదు, సగం కోర్టు చాలు, నలుగురు దాడి, ముగ్గురు కాపు, మొదటి పాస్ ఎప్పుడూ ఫ్రీ త్రో లైన్ దగ్గరున్నవాడికి, నాలుగు సెకన్లలో షాట్. ట్రాప్ అప్పటికే పడిందనుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టడం. రోజూ అరగంట ఇదే చేస్తే "ఎవనికన్న" అన్న సర్వనామానికి కనీసం రెండు పేర్లు వచ్చి చేరతాయి. ఏదో ఒక సాయంత్రం ఏడోవాడు పంజగుట్ట ట్రాఫిక్‌లో చిక్కుకుపోతే, విజిల్ జేబులో వేసుకుని కోచ్ గారే కాపుకు దిగాలి. సూత్రం చదవడానికి గుక్క తిరగదు, అదొక లాభం.