క్యాష్ క్లియర్ చేశారా?

ఫీజు కట్టే పేజీలో పోయిన నెల గడువు తేదీ కనిపిస్తోందా? క్యాష్ క్లియర్ చేయండి. ఫలితాలు వచ్చేశాయని టీవీలో స్క్రోలింగ్ నడుస్తుంటే సైటులో మాత్రం ఇంకా ‘త్వరలో’ అనే ఉందా? క్యాష్ క్లియర్ చేయండి. సబ్మిట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదా? క్యాష్ క్లియర్ చేసి, బ్రౌజర్ మూసేసి, మళ్లీ తెరవండి. మన హెల్ప్‌డెస్కుల వైద్యశాస్త్రంలో రోగాలు వెయ్యి, మందు ఒక్కటే. రోగి నోరు తెరవకముందే చీటీ రాసిచ్చే ధన్వంతరులు ఇంకెక్కడా దొరకరు.

ఈ వైద్యంలో అసలు విశేషం మరొకటుంది. రోగం సర్వర్‌ది, పథ్యం వాడుకరిది.

బ్రౌజర్ ఒకసారి తెచ్చిన బొమ్మనూ, స్క్రిప్టునూ మన కంప్యూటర్లోనో ఫోన్లోనో దాచుకుంటుంది. ఆ దాచుకునే చోటే క్యాష్. రెండోసారి అవసరమైనప్పుడు నెట్ మీదికి పోకుండా దాచిందే చూపిస్తుంది. ఎంతకాలం దాచుకోవచ్చో చెప్పాల్సింది మాత్రం పంపిన సర్వరే. మందుల కంపెనీ బిళ్లల అట్ట మీద ఎక్స్‌పైరీ తేదీ వేసినట్టు, సర్వర్ తన జవాబు మీద గడువు రాసి పంపాలి. ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కాదు. బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ. 1996 మే నెలలో వెలువడిన దాని 1.0 పత్రంలోనే ‘ఎక్స్‌పైర్స్’ అనే హెడర్, అంటే జవాబుకు అంటించి పంపే చీటీ, ఉంది. 1997 జనవరిలో హెచ్‌టీటీపీ 1.1 ‘క్యాష్-కంట్రోల్’ను తెచ్చింది. అందులో ‘మ్యాక్స్-ఏజ్’ అని రాసి పక్కన సెకన్లు వేస్తే చాలు. ఆ ఏడు పుట్టిన పిల్లలు పెరిగి పెద్దవాళ్లయి ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లలో కొందరు ఈ సైట్లనే నడుపుతూ ఉండొచ్చు కూడా.

ఆ ఒక్క లైను రాసే విషయంలో సర్వర్ల యజమానులు మూడు శాఖలుగా చీలిపోయారు.

మొదటిది మౌనవ్రత శాఖ. వీరు గడువు గురించి ఒక్క ముక్కా రాయరు. మౌనం అర్ధాంగీకారం కాబట్టి బ్రౌజర్ తనే ఒక లెక్క కట్టుకుంటుంది. ఫైలును చివరిసారి మార్చి ఎన్నాళ్లయిందో చూసి, అందులో పదో వంతు కాలం అది తాజాదే అనుకోవడం సాధారణంగా వాడే లెక్క. నోటిఫికేషన్ పేజీని వంద రోజులుగా ఎవరూ ముట్టుకోకపోతే, మరో పది రోజులు సర్వర్‌ను అడగకుండానే పాతది చూపించే హక్కు బ్రౌజర్‌కు వచ్చేస్తుంది. ఆ పది రోజుల్లోనే దరఖాస్తు గడువు మారితే? అది అభ్యర్థి ఖర్మ. సర్వర్ వారు వ్రతంలో ఉన్నారు, కదిలించకూడదు.

రెండోది చిరంజీవ శాఖ. సైటు వేగానికి మార్కులు తక్కువొచ్చాయని ఎవరో అంటే ఉలిక్కిపడి లేచినవారు వీరు. స్టీవ్ సౌడర్స్ 2007లో రాసిన ‘హై పెర్ఫార్మెన్స్ వెబ్ సైట్స్’ పుస్తకం, ఎక్స్‌పైర్స్ తేదీని చాలా దూరంగా వేయమంది. అలా వేస్తే ఫైలు మారినప్పుడల్లా దాని పేరూ మార్చాలని కూడా చెప్పింది. మనవాళ్లు మొదటి ముక్క చదివి పుస్తకం మూసేశారు. అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఎక్స్‌పైర్స్ డిఫాల్ట్’ అని ఒక లైను, అన్నిటికీ కలిపి ఏడాది గడువు. ఇంజిన్‌ఎక్స్ అనే మరో సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ‘ఎక్స్‌పైర్స్ మ్యాక్స్’ అంటే చాలు: తేదీ 2037 డిసెంబరు 31 అని, మ్యాక్స్-ఏజ్ పదేళ్లని వెళ్లిపోతుంది. లోగోకు దీర్ఘాయుష్షు మంచిదే. చివరి తేదీలు మారే పేజీకి కూడా అదే దీవెన ఇస్తే ఎట్లా? ఒకసారి ఆ మాట బ్రౌజర్ చెవిన పడ్డాక వెనక్కి తీసుకోవడం సర్వర్ తరం కాదు. మనం రీలోడ్ నొక్కితే తప్ప బ్రౌజర్ మళ్లీ ఆ గడప తొక్కదు. రానివాడికి కొత్త కబురు ఎవరు చెబుతారు?

మూడోది క్షణభంగుర శాఖ. చిరంజీవ శాఖలో చెయ్యి కాల్చుకుని ఇటు వచ్చి చేరినవారే ఇందులో ఎక్కువ. ‘నో-స్టోర్, నో-క్యాష్, మస్ట్-రీవ్యాలిడేట్, ప్రాగ్మా’ అని నోటికొచ్చినవన్నీ ఒకే వరసలో పఠిస్తారు. అన్నీ కలిపి తేలేది ఒకటే: ఏదీ దాచుకోకు. సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో సెషన్ మొదలుపెడితే, వేరే మాట చెప్పకపోతే, దానంతటదే పంపే గడువు తేదీ 1981 నవంబరు 19. టిమ్ బెర్నర్స్-లీ వెబ్ గురించి తొలి ప్రతిపాదన రాసిందే 1989లో. అంటే వెబ్ పుట్టకముందే ఆ పేజీకి కాలం చెల్లింది. లాగిన్ అయిన మనిషి సొంత వివరాల పేజీకి ఇది సబబే. సంస్థ లోగోకూ, తెలుగు ఫాంటుకూ, పై వరసలో చిరునవ్వులు చిందించే పెద్దల ఫొటోలకూ ఇదే శాసనం వర్తింపజేయడమే విడ్డూరం. ఆ ఫొటోల వరస రెండు ఎంబీలు అనుకుంటే, పది పేజీలు తిరిగేసరికి ఇరవై ఎంబీలు. పెద్దల నవ్వులో మార్పేమీ లేదు, మన ప్రీపెయిడ్ డేటా మాత్రం కరిగిపోయింది.

ఇక మందు వల్ల వచ్చే దుష్ఫలితాలు. బ్రౌజింగ్ డేటా తుడిచే కిటికీలో క్యాష్ పక్కనే కుకీలకు కూడా సాధారణంగా టిక్కు పెట్టే ఉంటుంది. హెల్ప్‌డెస్క్ మాట నమ్మిన మనిషి రెండూ తుడిచేస్తాడు. ఆ దెబ్బతో దాదాపు అన్ని సైట్ల నుంచీ లాగౌట్. ప్రతిచోటా మళ్లీ పాస్‌వర్డు, మళ్లీ ఓటీపీ. ఒక కంపెనీ తన అట్ట మీద తేదీ వేయలేదని ఇంట్లో మందులన్నీ కాలవలో పారబోయించడమిది. ఆడలేక మద్దెల ఓడన్నావిడ తన మద్దెలను తిట్టి ఊరుకుంది. వీరు పక్కింటి మద్దెలలు కూడా పగలగొట్టిస్తారు. ఇంత చేశాక, సైటుకూ మనకూ మధ్యలో నిలబడి నకళ్లు పంచే సీడీఎన్ సర్వరే పాత నకలు పట్టుకుని కూర్చుంటే ఫలితం సున్నా.

క్రోమ్‌లో ఎలా తుడవాలి, ఫైర్‌ఫాక్స్‌లో ఎలా, ఎడ్జ్‌లో ఎలా అని ఎర్ర బాణాలు గీసిన పీడీఎఫ్‌లు కూడా తయారు చేసి పెడతారు. రేపు ఆ పీడీఎఫ్‌ను సవరిస్తే జనానికి పాతదే కనబడినా ఆశ్చర్యం లేదు. దానికీ గడువు రాసి ఉండరు.

నిజమే, పాడైన ఫైలు ఒక్కోసారి మన దగ్గరే ఇరుక్కుపోతుంది. అప్పుడు తుడవాల్సిందే. కానీ ఒకే రోజు ఊరందరికీ అదే ఫైలు పాడవుతుందా?

సర్వర్ వారు పాటించాల్సిన పథ్యం పెద్దదేం కాదు. తరచూ మారే పేజీకి ‘నో-క్యాష్’ చాలు. దాచుకో, కానీ వాడే ముందు నన్నడుగు అని దాని భావం. పేజీ మారకపోతే సర్వర్ 304 అని పొట్టి జవాబిచ్చి ఊరుకుంటుంది, మొత్తం మళ్లీ మోసుకురానక్కర్లేదు. బొమ్మలకూ స్క్రిప్టులకూ 31536000 సెకన్లు, అంటే ఏడాది. ఫైలు మారితే పేరు మార్చడం మరవకూడదు. సొంత ఖాతా వివరాలకు ‘నో-స్టోర్’. ఇది లక్షల మంది వాడుకరులు చేయాల్సిన పని కాదు, ఒక్కరు ఒక్కసారి చేయాల్సింది.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. ఈసారి ఎవరైనా క్యాష్ క్లియర్ చేశారా అంటే, ఆ పేజీకి మీరు పెట్టిన గడువెంత అని తిరిగి అడగండి. తెలియదంటే కంప్యూటర్లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ విభాగం తెరిచి, పేజీని రీలోడ్ చేసి, అక్కడి జాబితాలో ఆ పేజీ పేరు మీద నొక్కండి. సర్వర్ పంపిన హెడర్లన్నీ అక్కడ బయటపడతాయి. క్యాష్-కంట్రోల్ ఉందో లేదో, ఉంటే ఎంతకాలమో చూసి, స్క్రీన్‌షాట్ తీసి మీ ఫిర్యాదుకు జత చేయండి. తప్పెవరిదో అందులోనే ఉంటుంది.