ఐస్‌క్రీమ్ తిని ఐరన్‌మ్యాన్ కావడం ఎలా?

సలహా ఇచ్చేవాడి అర్హతలు ముందే చెప్పడం పద్ధతి. నాకు 44 ఏళ్లు. నాంపల్లిలో ఒక ఆఫీసులో కుర్చీ ఉద్యోగం. ఇప్పటిదాకా మూడు ట్రయాథ్లాన్లకు డబ్బు కట్టాను, రెండింటికి వెళ్లాను, ఒకదాంట్లో నీళ్లలోకి దిగాను. నీళ్లలోంచి ఎప్పుడు బయటికొచ్చాను అన్నది చివర్లో చెప్తాను. ఇంత అనుభవం పెట్టుకుని నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు. ట్రయాథ్లాన్ అంటే ఏంటన్నా అని ఎవరైనా అడిగితే మొదలుపెడతాను. అడగకపోయినా మొదలుపెడతాను.

ఈత కొట్టి, ఒడ్డెక్కి, సైకిలు తొక్కి, దిగి పరుగెత్తాలి. మధ్యలో బట్టలు, బూట్లు మార్చుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. మొత్తం ఆట ఇంతే. మిగతాదంతా చాయ్ దగ్గర చెప్పుకోవడం.

చిన్నదానితో మొదలుపెట్టకండి

ఇందులో 'స్ప్రింట్' అని ఒకటుంది. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. దాంతో మొదలుపెట్టమని తెలిసినవాళ్లంతా చెబుతారు. దాని తర్వాతది, 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న దూరం: 1.5, 40, 10. అది కూడా మనకు వద్దు. 750 మీటర్లు ఈదినవాణ్ణి చూసి ఇరానీ హోటల్లో ఎవరూ కుర్చీ జరపరు.

నేరుగా 'హాఫ్ ఐరన్‌మ్యాన్'కు డబ్బు కట్టండి: 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. దీనికి 70.3 అని పేరు. అది మైళ్ల లెక్క. మన లెక్కలో 113 కిలోమీటర్లు. ఎవరికైనా చెప్పేటప్పుడు కిలోమీటర్లలోనే చెప్పండి, అంకె పెద్దగా ఉంటుంది. ఫుల్ ఐరన్‌మ్యాన్ దీనికి రెట్టింపు, 17 గంటల్లో పూర్తి చేయాలి. మిలింద్ సోమన్ 2015లో, 50కి దగ్గరపడ్డ వయసులో, జ్యూరిక్‌లో 15 గంటల 19 నిమిషాల్లో చేశాడు. అది విన్న సాయంత్రమే నా లక్ష్యం 12 గంటలు అని రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మా ఇంటామె దాని పక్కనే పాల లెక్క అంటించింది. నెల తిరిగేసరికి పాల లెక్క మాత్రమే ముందుకు సాగింది.

అసలు ఐరన్‌మ్యాన్ పుట్టిందే పంతంతో. ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగెత్తేవాళ్లా, సైకిలు వాళ్లా అని హవాయిలో వాదన జరుగుతుంటే, జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి మూడూ కలిపి పెడితే సరి అన్నాడు. 1978లో పెట్టేశారు. 15 మంది బయలుదేరి 12 మంది చేరారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్ వెంట ఉన్నవాళ్ల దగ్గర నీళ్లు అయిపోయి బీరు పోశారట. ఒక్క వాదనకే ఇంత ఆట పుడితే, మన ఆబిడ్స్ చాయ్ హోటళ్లలో ఈపాటికి ఒలింపిక్స్‌కు సరిపడా ఆటలు పుట్టి ఉండాలి. మన దగ్గర వాదించినవాడు లేచి నిలబడడు, అదే తేడా.

మంచి కేంద్రం ఎంచుకోండి

గచ్చిబౌలి స్టేడియం, నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. నా కేంద్రం మొజంజాహీ మార్కెట్. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తన రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో కట్టించిన నల్లరాతి మార్కెట్. 2020 ఆగస్టులో బాగు చేసి మళ్లీ తెరిచాక రాత్రిపూట దీపాల్లో పెళ్లిపందిరిలా ఉంటుంది. పైన గడియార స్తంభం, కింద చేత్తో తిప్పి చేసే ఐస్‌క్రీమ్ దుకాణాలు, చుట్టూ బళ్లు. క్రీడాకారుడికి ఇంకేం కావాలి?

ముఖ్యంగా ఆ గడియారం. చేతికి కట్టుకునే జీపీఎస్ వాచీ మీ నాడి, అడుగులు, నిద్ర అన్నీ చెప్పి పరువు తీస్తుంది. స్తంభం మీది గడియారానికి సెకన్ల ముల్లు లేదు. నాంపల్లి స్టేషన్ దాకా పరుగెత్తి వచ్చి దాన్ని చూడండి, ఓ ఐదు నిమిషాలు అటూ ఇటూ మీ ఇష్టం. నా రికార్డులన్నీ దాని కిందే నమోదయ్యాయి.

ఈతను నీళ్లకు దూరంగా నేర్చుకోండి

ట్రయాథ్లాన్‌లో భయపెట్టేది ఈతే. అందుకే దాని జోలికి ఆఖర్న వెళ్లాలి. ఏది బాగా వచ్చో అదే రోజూ చేయండి, రానిది రేసు నాడు చూసుకోవచ్చు. నాకు నడక బాగా వచ్చు. రెండేళ్లు పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచాను.

మనకు సముద్రం లేదన్నది నిజం. హుస్సేన్‌సాగర్ ఉంది, కానీ ఆ నీళ్లలో దిగినవాడికి రేసు కన్నా ముందు డాక్టరు కావాలి. కాబట్టి గట్టు మీద బెంచీలో కూర్చుని బుద్ధ విగ్రహం వైపు చూస్తూ గాలిలో చేతులు తిప్పండి. ఒకసారి నేను అలా తిప్పుతుంటే బఠానీల బండి అతను తననే పిలుస్తున్నానని వచ్చేశాడు. కొనక తప్పలేదు.

ఇంకో దారి కూడా ప్రయత్నించాను. ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం వాళ్లు చేప మందు వేస్తారు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి ఉబ్బసం వాళ్ల చేత మింగిస్తారు. నాకు ఉబ్బసం లేదు. కానీ లోపల చేప ఈదుతుంటే పైన మనిషి మునుగుతాడా అన్నది నా తర్కం. ఎండలో లైన్లో నిలబడ్డాను, అది ఓర్పు శిక్షణ కింద రాసుకున్నాను. చేప దిగిపోయింది. ఈత రాలేదు. ఉబ్బసం మందుకు ఈత రాకపోతే చేపను అనడం న్యాయం కాదు.

చివరికి పూల్‌కే వెళ్లాల్సి వస్తే లెక్క ఇలా పెట్టుకోండి. 25 మీటర్ల పూల్‌లో 1.9 కిలోమీటర్లంటే 76 సార్లు ఒక గోడ నుంచి ఇంకో గోడకు. ఇరవై దాటాక లెక్క తప్పుతుంది. తప్పినప్పుడల్లా పైకే సవరించండి. 31 అనిపిస్తే 38 అనుకోండి. ప్రతి గోడ దగ్గరా ఆగి, కళ్లద్దాలు సర్దుకుంటున్నట్టు నటిస్తూ ఊపిరి పీల్చుకోండి. సముద్రంలో గోడ ఉండదు, అడుగున నల్ల గీత ఉండదు, నాలుగైదు బారలకోసారి తల ఎత్తి దారి గుర్తుగా తేలే బోయా ఎక్కడుందో చూసుకోవాలి అని కోచ్‌లు బెదిరిస్తారు. అవసరం లేదు. ముందువాడి కాళ్లు చూస్తూ పోతే చాలు. అతను ఇంకొకడి కాళ్లు చూస్తూ పోతుంటాడు. ఆ మొదటివాడు ఎటు పోతున్నాడన్నది మన సమస్య కాదు.

నేను వెళ్లే వేళకు పిల్లల బ్యాచ్ ఉండేది. అందులో పదేళ్ల పిల్ల ఒకతి ప్రతి రౌండుకూ నన్ను దాటుతూ, "అంకుల్, జర జరగండి" అనేది. ఆ మాటే నా శిక్షణకు అడ్డమైందని ఇంట్లో చెప్పాను.

సామర్లకోట నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ గోలి శ్యామల గారి సంగతి మీకెవరైనా చెప్పబోతారు. నీళ్లంటే భయపడి, ఆ భయం పోగొట్టుకోవడానికే నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో 48 ఏళ్ల వయసులో పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారని. వినకండి. ఇలాంటి కథలు విన్నవాడికి సాకులు మిగలవు.

ఆ, వెట్‌సూట్! రబ్బరుతో చేసిన ఆ తొడుగు చన్నీళ్లలో వెచ్చగా ఉంచుతుంది, ఒంటిని తేలుస్తుంది. నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే ఐరన్‌మ్యాన్ రేసుల్లో మనలాంటి ఔత్సాహికులను దాన్ని వేసుకుని బహుమతులకు పోటీ పడనివ్వరు. నా రేసు జరిగే గోవా సముద్రం అంత చల్లగా ఎన్నడూ ఉండదు. అయినా కొనండి. మేలో ఇంట్లో వేసి చూసుకుంటే, విప్పడానికి ఇద్దరు మనుషులూ పావుగంటా పట్టింది. బట్టలు మార్చుకునే అభ్యాసం అలా అయింది.

సైకిలు కొనండి, తొక్కడం మెల్లగా

పది కిలోల సైకిలు కన్నా ఎనిమిది కిలోల కార్బన్ సైకిలు కొండలు తేలిగ్గా ఎక్కుతుంది. ఆ రెండు కిలోల తేడాకు నేను ఇచ్చిన సొమ్ము ఇంట్లో ఇప్పటికీ తెలియదు, ఈ పత్రిక ఇంటికి రాకుండా చూసుకోవాలి. కొన్న రోజే కరాచీ బేకరీలో రెండు కిలోల ఫ్రూట్ బిస్కెట్లు తీసుకుని హ్యాండిల్‌కు తగిలించుకుని ఇంటికి తెచ్చాను. లెక్క సరిపోయింది.

2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. పైన సోలార్ పలకల నీడ, బళ్లు రావు, గుంతలు లేవు. కానీ అక్కడ మనల్ని చూసేదెవరు? సాయంత్రం ఆరున్నరకు మొజంజాహీ మార్కెట్ సిగ్నల్ దగ్గర తొక్కండి. ఆటోలు, ఆర్టీసీ బస్సులు, గోషామహల్ వైపు ఇనుప చువ్వలు మోసే ట్రాలీలు, వాటి మధ్య హెల్మెట్ పెట్టుకుని బిగుతు బట్టల్లో మీరు. ఐరన్‌మ్యాన్ రేసులో ముందు సైకిలుకు 12 మీటర్లు ఎడం పాటించకపోతే జరిమానా పడుతుంది. ఇక్కడ ముందు బండికి 12 అంగుళాలు వదిలితే అందులోకి ఇద్దరు దూరతారు.

పెడల్‌కు బూటు బిగుసుకునే క్లీట్ షూలు తప్పకుండా వేసుకోండి. మడమ పక్కకు తిప్పితేనే అవి ఊడతాయి. ఆ తిప్పడం మొదట ఇంటి దగ్గర గోడ పట్టుకుని నేర్చుకోవాలంటారు. నేను జాంబాగ్ దగ్గర సిగ్నల్ పడ్డాక నేర్చుకోబోయాను. సైకిలు ఆగింది, కాళ్లు ఊడలేదు, ఇద్దరం కలిసి ఎడమకు ఒరిగిపోయాం. పూలమ్మే ముసలమ్మ మల్లెల గంప పక్కకు లాక్కుని నా వైపు చూసింది.

"ఏం బిడ్డా, కాళ్లు ఎవరు కట్టేసిన్రు?"

నేనే, డబ్బులిచ్చి, అని చెప్పలేదు.

పరుగు

పెద్దగా ఏం లేదు. సైకిలు దిగాక కాళ్లు మనవి కావు, కొయ్యలు. దాన్ని అలవాటు చేసుకోవడానికి సైకిలు తొక్కిన వెంటనే ఓ పది నిమిషాలు పరుగెత్తమంటారు, దాన్ని 'బ్రిక్' అంటారు. ఇటుక అన్నమాట. నేను సైకిలు దిగి ఐస్‌క్రీమ్ దుకాణం ముందు ఇటుకలాగే కూర్చుంటాను.

చలికాలం పరుగుకు మంచిది. కానీ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్. 1938 నుంచి నడుస్తున్న సంబరం మన కోసం ఆగదు. కాబట్టి శిక్షణను అందులోకే తీసుకెళ్లండి. ఆదివారం సాయంత్రం కశ్మీరీ శాలువాల వరుసలో ఎవరికీ తగలకుండా వంద అడుగులు వేయగలిగితే ఏ రేసులోనైనా దారి దొరుకుతుంది. చేతుల్లో దుప్పట్లు, ఊరగాయ జాడీలు ఉంటే అది బలం పెంచే వ్యాయామం కూడా.

తిండి

ఇది నా అభిమాన అంశం. గంటల తరబడి సాగే రేసులో గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలని, దానికి కడుపుకు కూడా నెలల తరబడి తర్ఫీదు ఇవ్వాలని, రేసు రోజున కొత్తది ఏదీ ముట్టకూడదని నియమం. నా కడుపుకు తర్ఫీదు నేనూ ఇచ్చాను, సీతాఫలం ఐస్‌క్రీమ్‌తో. రేసు రోజున మాత్రం అక్కడ పంచే జెల్లు తొలిసారి, రెండు రుచులవి, ఒకేసారి నోట్లో పిండుకున్నాను. అది కూడా ఈతకు ముందు.

గోవా రేసు వర్షాలు వెళ్లాక జరుగుతుంది. రేసుకు రెండు వారాల ముందు శిక్షణ తగ్గించి ఒంటిని తేరుకోనివ్వాలి, దాన్ని టేపర్ అంటారు. మార్కెట్లో సీతాఫలం దిగే కాలం కూడా అదే. దేవుడు, ఐరన్‌మ్యాన్ వాళ్లు మాట్లాడుకునే ఈ తేదీలు పెట్టారని నా నమ్మకం. నేను టేపర్ ఆరు వారాలు చేశాను.

"సాబ్, ఇంకో కప్పా? పోటీ ఉందన్నరు గద?" అన్నాడు దుకాణం కుర్రాడు.

"పోటీ కోసమే."

"పోయినేడు గూడ గిదే అన్నరు."

ఇలాంటివాళ్లను దగ్గరికి రానీయకండి, ఆత్మవిశ్వాసం దెబ్బతింటుంది.

రేసు అయ్యాక

మిరామార్ బీచ్‌లో ఈతకు గంటా పది నిమిషాల గడువు. నేను ఇసుక తొక్కేసరికి గంటా పద్దెనిమిది. ముందువాడి కాళ్లు చూస్తూ పోయాను కదా, అతను కూడా గడువు దాటాకే వచ్చాడు, పాపం. కాలికి కట్టిన చిప్ విప్పించుకుని, పక్కకు నిలబడమన్నారు. నా ఎనిమిది కిలోల సైకిలు స్టాండు మీద అలాగే ఉంది, దాని చుట్టూ ఖాళీ.

దిగులు పడకండి. రేసు పేరున్న బ్యాగు మాత్రం ముందురోజే ఇస్తారు. దాని మీద పూర్తి చేశాడని రాసి ఉండదు, చేయలేదని కూడా రాసి ఉండదు. ఆఫీసుకు రోజూ అదే వేసుకెళ్లండి. గంటా పద్దెనిమిది అని చెప్పుకోవాల్సి వస్తే మార్కెట్ గడియారం ముందు నిలబడి చెప్పండి.

ఇంకొకటి. ఇది చిట్కా కాదు, ఎవరికీ చెప్పకండి. గోవా నుంచి వచ్చిన వారానికి పొద్దున ఆరింటికి పూల్‌కు వెళ్లాను. ఆ పిల్ల గోడ దగ్గర నా పక్కనే ఆగింది.

"అంకుల్, మీరు తల పైకెత్తినప్పుడే ఊపిరి వదిలి, అప్పుడే పీలుస్తున్నరు. అందుకే ఆగమైతున్నరు. నీళ్లలో ఉన్నప్పుడే వదిలేయాలె. బుడగలు రావాలె. ఇట్ల."

ముఖం ముంచి చూపించింది. నేనూ ముంచాను. బుడగలు వచ్చాయి. ఆ పూట మొదటిసారి గోడ దగ్గర కళ్లద్దాలు సర్దుకోకుండా నాలుగు రౌండ్లు వెళ్లాను, సరిగ్గా నాలుగు, లెక్క సవరించలేదు.

ఫీజు వారానికో కప్పు సీతాఫలం అని ఒప్పందం. సీజన్ అయిపోతే చీకూ.