ఆసుపత్రిలో మంచివాళ్ళనిపించుకోకండి

రక్తం ఎక్కించాల్సిన మనిషి పక్కన ఉంటున్నారా? మొహమాటం ఇంట్లో వదిలేసి వెళ్ళండి. నర్సు గబగబా వచ్చి "లక్ష్మిగారేనా?" అంటే "ఆఁ, అవునమ్మా" అనేయకండి. మత్తులో ఉన్న మనిషి ఏ పేరుకైనా ఊఁ కొడుతుంది. "పేరు మీరు చెప్పకండమ్మా, మమ్మల్ని అడగండి" అనండి. ఇంటిపేరు, వయసు, ఐపీ నంబరు కలిపి చెప్పండి. వార్డులో ఇంకో కె. లక్ష్మి లేదని ఎవరు చెప్పగలరు?

పరీక్షకు రక్తం తీశాక, ట్యూబు మీద పేరు రాసేదాకా నర్సును మంచం దగ్గర్నుంచి కదలనివ్వకండి. "కౌంటర్లో రాసుకుంటాలెండి" అంటే ఒప్పుకోవద్దు. పేరు లేని ట్యూబులు నాలుగు ఒకే ట్రేలో పడితే ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. గ్రూపు కలవని రక్తం ఎక్కి ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం ల్యాబ్ మందుల లోపం కాదు, ఒకరి పేరు ఇంకొకరికి అంటుకోవడమే.

"ఇందాకే తీశారుగా, మళ్ళీ సూదేంటి?" అని ల్యాబ్ వాళ్ళతో దెబ్బలాడేవాళ్ళున్నారు. దెబ్బలాడాల్సింది రెండోసారి తీయకపోతే! అదీ విడిగా, మళ్ళీ పేరడిగి తీయాలి. ఒకే సూదితో రెండు ట్యూబులు నింపితే పేరు తప్పు రెండింటిమీదా ఉంటుంది.

"మా గ్రూపు మాకు తెలుసు" అని పర్సులోంచి కార్డు తీసి పరీక్ష ఆపించకండి. అలాంటి కార్డులిచ్చే క్యాంపుల్లో సాధారణంగా చేసేది స్లైడు పరీక్ష. గాజు పలక మీద మూడు రక్తపు చుక్కలు, వాటిలో నీలిరంగు యాంటీ-ఏ, పసుపురంగు యాంటీ-బి, రంగులేని యాంటీ-డి. ఏ పాజిటివ్ అయితే మొదటి చుక్క, మూడో చుక్క విరిగిన పాలలా ముక్కలవుతాయి, మధ్యది నున్నగా ఉండిపోతుంది. ఇది సగం పరీక్షే. సీరమ్‌ను తెలిసిన కణాలతో కలిపి వెనకనుంచి కూడా చూడాలి. 1952లో డాక్టర్ భెండే బృందం లోకానికి చెప్పిన బాంబే గ్రూపు వాళ్ళు స్లైడు మీద ఓ గ్రూపుగానే కనబడతారు. వాళ్ళకు మామూలు ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. గ్రూపు కుదిరాక కూడా క్రాస్‌మ్యాచ్, అంటే దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి చూడటం, జరగాల్సిందే.

తమ్ముడి రక్తం అక్కకు వద్దనండి. ఊళ్ళో ఈ మాటంటే తిడతారు, తిట్టనివ్వండి. దగ్గరి బంధువు రక్తంలోని తెల్లకణాలు రోగి ఒంట్లో పరాయివని పట్టుబడకుండా స్థిరపడి, ఆ ఒంటిమీదే దాడి చేయగలవు. అరుదే, కానీ వస్తే దాదాపు ఎవరూ బతకరు. తమ్ముణ్ణి వేరేవాళ్ళకు ఇవ్వమనండి. తప్పనిసరైతే రేడియేషన్ ఇచ్చిన యూనిట్టే అడగండి.

ఇంటి కోడలు నెగెటివా? "అబార్షనేగా, ఇంక ఇంజెక్షనెందుకు" అనే పెద్దవాళ్ళ మాట వినకండి. కాన్పయి పుట్టిన బిడ్డ పాజిటివ్ అయినా, గర్భం పోయినా 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ గురించి డాక్టర్ని నిలదీయండి. ఆ ఇంజెక్షన్ కాపాడేది తర్వాత రాబోయే బిడ్డను.

బాటిల్ పెట్టాక టీ తాగడానికి వెళ్ళకండి. మొదటి పావుగంట రోగి ముఖమే చూస్తూ కూర్చోండి. చలి, నడుంనొప్పి, ఆయాసం, ఏదన్నా సరే, డ్యూటీ డాక్టరు రౌండ్స్‌కొచ్చేదాకా ఆగొద్దు. రక్తం ఆపమని అక్కడికక్కడే నర్సును కేకేయండి.