సర్టిఫికెట్టే ఊడుస్తుందట!

హౌస్‌కీపింగ్ టెండరు నోటీసు మీరూ చూసే ఉంటారు. కాప్రా, సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ వాట్సాప్ గ్రూపులు వారమంతా దాన్నే ఫార్వర్డ్ చేసుకుని పులకించాయి. ఓ పెద్ద అపార్ట్‌మెంట్ సంఘం వారు సెలవిచ్చారు: ఐఎస్‌ఓ 9001, 14001, 45001 మూడూ ఉన్న ఏజెన్సీలే రావాలి, వాటిలో తక్కువ రేటు కోట్ చేసినవారికే పని. ఎంతమందిని పంపుతారు, వాళ్ల చేతికి ఎంత జీతం ఇస్తారు అనే గడి మాత్రం నోటీసులో లేదు.

ఎందుకుంటుంది? మూడు సర్టిఫికెట్లు వస్తుంటే మనుషులతో పనేముంది?

ఇన్నాళ్లూ చీపురు పట్టేది మనిషి అనే భ్రమలో బతికాం. ఇకపై కాగితమే పని చేసుకుపోతుంది. నాణ్యతకు 9001 కాబట్టి దాన్ని లిఫ్టు పక్కన తగిలిస్తే చాలు, పాన్ మరకలు సిగ్గుపడి గోడ దిగిపోతాయి. పర్యావరణానికి 14001, చెత్త గది తలుపుకు అతికించండి, తడి చెత్త, పొడి చెత్త దేని డబ్బాలోకి అది నడిచి వెళ్తుంది. 45001 పనివాళ్ల భద్రతకు. పనివాళ్లే లేరు కనుక భద్రత నూటికి నూరు శాతం!

మొండి మరకలున్నచోట జిరాక్సు సరిపోదు, గెజిటెడ్ అధికారి సంతకం చేయించాలి. బాత్‌రూములకు లామినేషన్ తప్పనిసరి. పండగలప్పుడు ఈసీఐఎల్ చౌరస్తాలో కలర్ జిరాక్సులు తీయించి మెట్టుకొకటి పరిస్తే సరి. ఈ పద్ధతి ఫలిస్తే కాప్రా చెరువునూ వదలొద్దు. ఒరిజినల్ ఒకటి నీళ్లలో వేస్తే గుర్రపుడెక్క అందులోని గడువు తేదీ చూసుకుని, మూటాముల్లె సర్దుకుని పోతుంది. జవహర్‌నగర్ డంపుయార్డు వైపు నుంచి గాలి మళ్లిన రాత్రి వాసనను దమ్మాయిగూడలోనే నిలబెట్టి, ‘నీకు గుర్తింపు ఉందా?’ అని అడగాలి. లేదంటే వెనక్కి పంపాలి. ఉందంటే పీల్చుకోక తప్పదు, అది సర్టిఫైడ్ వాసన.

ఇంత మహిమగల కాగితం ఎక్కడ పుడుతుందో సంఘం వారు ఆరా తీసినట్టు లేదు. 1947లో మొదలైన ఐఎస్‌ఓ జెనీవాలో కూర్చుని ప్రమాణాలు రాస్తుందంతే, ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చేవి వేరే సంస్థలు. ఆ సంస్థలు సరైనవో కావో చూసి గుర్తింపునివ్వడానికి మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ కింద ఎన్‌ఏబీసీబీ ఉంది. పద్ధతిగా వెళ్తే ఆడిటర్ వస్తాడు, రికార్డులు తిరగేస్తాడు, ఏటేటా మళ్లీ వస్తాడు, మూడేళ్లకు మొదటికొస్తాడు. అలా సంపాదించిన కాగితానికి విలువ ఉంది, కాదనను. కంపెనీ తాను రాసుకున్న పద్ధతి ప్రకారం నడుస్తోందని అది చెబుతుంది. మీ మెట్లు ఊడ్చారో లేదో అందులో ఉండదు. అంత ఓపిక లేనివారి కోసం ‘24 గంటల్లో ఐఎస్‌ఓ’ ప్రకటనలున్నాయి. ఆధార్, డబ్బు పంపితే పీడీఎఫ్ వచ్చి వాలుతుంది. ఊడ్చే మనిషికన్నా పీడీఎఫ్ ముందొస్తుంది.

సంఘాన్నే అనడమెందుకు? 2021లో మన హైదరాబాద్ నగరానికి కేంద్రం ‘వాటర్ ప్లస్’ సర్టిఫికెట్ ఇచ్చింది. మురుగునీటి నిర్వహణ భేషుగ్గా ఉందని దాని భావం. ఆ ఏడాది ఆగస్టులోనే వనస్థలిపురం సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ప్రాణాలతో పైకి రాలేదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దించకూడదన్న చట్టానికి అప్పటికే దాదాపు ఎనిమిదేళ్లు. అలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పోయిన ప్రాణానికి రేటు పెరిగింది. గ్లౌజుల బడ్జెట్టే పెరగలేదు.

మా బ్లాకు తుడిచే అక్క వేళ్ల సందులు టాయిలెట్ యాసిడ్‌కు పాలిపోయి, పొట్టు లేచి ఉంటాయి. గ్లౌజులేవని అడిగితే చెప్పింది: “ఆడిట్ దినం ఇచ్చిన్రు సార్. ఫొటో దిగినంక మల్ల తీస్కపోయిన్రు.” ఆమెను పంపిన ఏజెన్సీ దగ్గర 45001 ఉంది. ఆ ఫొటో కూడా ఫైల్లో భద్రంగా ఉండే ఉంటుంది.

సంఘం పెద్దల్లో బ్యాంకుల్లో, ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసి రిటైరైనవారు తక్కువేం లేరు. లెక్క వాళ్లకు రాకపోదు. కనీస వేతనం, దాని మీద యజమాని వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం, గ్లౌజులు, మాస్కులు, వారానికో సెలవుకు బదులు మనిషి. కూడితే ఒక అంకె వస్తుంది. అంతకన్నా తక్కువ కోట్ చేసినవాడు ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తాడు? సొంత జేబులోంచి తేడని సంతకం పెట్టే ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసే పెడతారు. అడగాల్సింది నెలనెలా పీఎఫ్ చలానూ, అందులో మన బ్లాకు తుడిచేవాళ్ల పేర్లూ, ఏడో తారీకులోగా జీతం పడిందన్న రుజువూ. అవి అడిగితే రేటు పెరుగుతుంది, మన మెయింటెనెన్స్ పెరుగుతుంది. అందుకే జెనీవా కాగితం అడుగుతున్నాం. ఫ్లాటుకు ఇన్ని వందలు మిగిల్చామని సర్వసభ్య సమావేశంలో చప్పట్లు కొట్టించుకునే ఆ సొమ్ము, ఆ అక్క కూలీలోంచి కోసుకున్నది. దాన్ని దొంగతనం అంటారు. మూడు సర్టిఫికెట్ల సాక్షిగా చేసినా దొంగతనమే.