గజ్జిని పదికాలాలు కాపాడుకోవడం ఎలా?

గజ్జి పట్టిన మనిషి ఒంటిమీద మామూలుగా ఉండే పురుగులు 10, 15కి మించవు. అంత చిన్న సంసారాన్ని నిలబెట్టడం పెద్ద పనేం కాదు. పైగా ఒళ్లు వంచాల్సిన అవసరమే లేదు.

1. దానికి గజ్జి అని పేరు పెట్టకండి. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ రాత్రి పక్కెక్కగానే దురద మొదలైతే "ఒంట్లో వేడి చేసింది" అనండి. వంకాయ కూర మీదికి తోసేయండి. మొదటిసారి అంటుకున్నవాళ్లకి దురద తెలియడానికే 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. ఈలోగా ఇంటిల్లిపాదికీ పంచేసి, ఆనక "నాకు మీ దగ్గర్నుంచే వచ్చింది" అని బుకాయించొచ్చు.

2. డాక్టరు ఫీజు దండగ. మందుల షాపు కౌంటరు మీద మోచెయ్యి ఆనించి "దురదకి ఏదైనా ట్యూబు ఇవ్వన్నా" అంటే చాలు. క్లోబెటసాల్ కలిసిన స్టీరాయిడ్ ట్యూబు దొరికిందా, మీ పంట పండినట్టే. ఎరుపు తగ్గుతుంది, దురదా తగ్గుతుంది, పురుగు నిశ్చింతగా గుడ్లు పెట్టుకుంటుంది. తర్వాత చూసే డాక్టరు కూడా పోల్చుకోలేనంతగా జబ్బు వేషం మార్చేస్తుంది.

3. ఖర్మకాలి ఎవరైనా పర్మెత్రిన్ 5 శాతం క్రీము రాసిచ్చారే అనుకుందాం. మెడ నుంచి అరికాలిదాకా, బొడ్డులో, గోళ్ల అంచుల్లో, నలుగురిలో చెప్పుకోలేని చోట్ల కూడా పట్టించి, 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయమంటారు. అంత ఓపిక ఎవరికుంది? దురద ఉన్నచోట బొట్టు బొట్టుగా అద్దండి. ఒక మనిషికి ఒక రాత్రికి సరిపోయే 30 గ్రాముల ట్యూబుని నెల్లాళ్లు సాగదీయండి. రాసుకున్న వెంటనే చేతులు కడుక్కుని అన్నానికి కూర్చోండి, లేచాక వేళ్లకి మళ్లీ రాయకండి. వారం తర్వాత రెండోసారి రాయమనేది గుడ్లలోంచి వచ్చిన పిల్లల్ని చంపడానికట. పాపం కాదూ?

4. ఐవర్‌మెక్టిన్ మాత్రలిస్తే ఒకటే మింగండి. వారం, రెండు వారాల తర్వాత వేసుకోవాల్సినది పర్సులో ఉంచుకోండి, ధైర్యంగా ఉంటుంది.

5. ఇంట్లో అందరికీ ఒకే రాత్రి మందు రాయాలన్న మాట ఎత్తనివ్వకండి. హాస్టల్ నుంచి సంక్రాంతికి వచ్చిన అబ్బాయికి ఈ వారం, అదే దుప్పట్లో దూరిన చెల్లికి వచ్చే నెల, "నాకేం దురద లేదు" అన్న నాన్నకి ఎప్పటికీ వద్దు. పురుగుకి ఎప్పుడూ ఒక ఇల్లు ఖాళీ ఉంటుంది.

6. మనిషి ఒళ్లు దొరక్కపోతే అది రెండు మూడు రోజులకి మించి బతకదు. కాబట్టి పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకొద్దు, సంచిలో మూటకట్టి పక్కన పెట్టనూ వద్దు. దుప్పటి తిరగేసి పరిస్తే కొత్తదే.

7. మందు సరిగ్గా వాడినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. ఇది బంగారం లాంటి అవకాశం. "మందు దొంగది" అని ప్రచారం చేసి, గోళ్లు పెంచి గోకండి. పుండ్లు చీము పట్టనివ్వండి. అందులో చేరిన స్ట్రెప్టోకాకస్ వల్ల కిడ్నీలు దెబ్బతిని పిల్లాడి మొహం ఉబ్బినా, ఒంటేలు టీ రంగులో పడినా కంగారొద్దు. "రాత్రి నిద్ర ఎక్కువైంది" అనండి.